అరుగుతో సహా అద్దెకి

బెంగళూరులో మీ ఫ్లాటు ఓనరు అద్దె పెంచుతానన్నాడని మొన్న ఫోనులో చెప్పారు కదా. "అమ్మమ్మా, నీకూ ఇలాగే అయింది కదా, అప్పుడు నువ్వేం చేశావు?" అని మీలో చిన్నది అడిగింది. పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద పాలేం లేవు. ఆ సంగతి ఎత్తితే నా గొంతు ఎటు పోతుందో నాకే తెలీదు. రాయడమైతే మధ్యలో ఆగొచ్చు, కళ్ళద్దాలు తుడుచుకోవచ్చు. అందుకని రాస్తున్నాను.

ఈ నరసాపురం ఇల్లు మీ తాతయ్య ఉన్నప్పుడు అద్దెకి తీసుకున్నాం. చూడటానికి వచ్చిన రోజు ఆయన గదులన్నీ తిరుగుతున్నారు, నేను బయటే ఆగిపోయాను.

"వంటగది చూడవా? పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి ఇక్కడ," అన్నారు.

"వంటగదికేముందండి, ముందు ఈ అరుగు చూడండి," అన్నాను.

ఉత్తరం వైపు అరుగు. మధ్యాహ్నం పూట ఎండ మీద పడదు, వెలుతురు మాత్రం చల్లగా, తెల్లగా ఉంటుంది. లేసు అల్లేవాళ్ళకి కావలసింది అదే. తెల్ల దారం మీద ఎండ పడితే కళ్ళు చెదురుతాయి, వెలుతురు చాలకపోతే అల్లిక తప్పుతుంది. ఆ అరుగు కోసమే చీకటి వంటగదిలో ఇన్నేళ్ళు వండాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీదకి మనుషులు వచ్చేవారు. నేను పిలిచింది లేదు. మొదట వచ్చింది రేవు దగ్గర ఉండే ఆవిడ. వాళ్ళాయన వేటకి వెళ్తాడు. పొద్దున చేపలు అమ్ముకుని, ఇంటికి వెళ్ళి నిమ్మచెక్కతో చేతులు రుద్ది కడుక్కుని, ఆరిన చేతులతో వచ్చేది. దారానికి వాసన అంటితే లేసు కొనే ఏజెంటు సరుకు వెనక్కి పంపేస్తాడు. నన్ను అక్కగారూ అనేది. ఆ తర్వాత అవతలి ఒడ్డు నుంచి ఒకావిడ పంటు మీద గోదావరి దాటి రావడం మొదలుపెట్టింది. మేమందరం విడివిడిగా అల్లిన పువ్వుల్ని కలిపి ఒక పెద్ద టేబుల్ క్లాతుగా అతికే పని ఆవిడది. నన్ను వదినగారూ అనేది. ఇంకా ఒకరిద్దరు వచ్చిపోతుండేవారు గానీ, ఈ ఇద్దరూ లేని మధ్యాహ్నం అంటే నాకు మధ్యాహ్నంలా ఉండేది కాదు.

రేవు ఆవిడ నోరు ఊరుకునేది కాదు. "అక్కగారూ, దీన్ని గులాబీ అంటారేంటండి? పీత బోర్లా పడ్డట్టుంది," అనేది పంటు ఆవిడ అల్లికని ఎత్తి చూపిస్తూ.

"పీతే అల్లానమ్మా, నీకోసం. పులుసు పెట్టుకో," అనేది ఆవిడ తల ఎత్తకుండానే.

మీ తాతయ్య పోయిన ఏడాది వాళ్ళు ఒక్క రోజు కూడా మానలేదు. ఓదార్పు మాటలు వాళ్ళకి చేతకావు. వచ్చి కూర్చుని దారం తీసేవారు, అంతే. నేను అల్లలేకపోతే నా పువ్వు కూడా వాళ్ళే పూర్తి చేసేవారు.

ఇంటి ఓనరు చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. చేపల చెరువులున్నాయి అతనికి. నీళ్ళ మోటారు పాడైతే మెకానిక్కుని తనే వెంటబెట్టుకొచ్చేవాడు. నన్ను పిన్నిగారూ అంటాడు. అయితే పక్కిల్లు ఎవరో ఆఫీసుకి తీసుకుని బాగా ఎక్కువ అద్దె ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి అతని చూపు మా అరుగు మీద పడింది. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర బండి ఆపి లోపలికి వచ్చాడు.

"పిన్నిగారూ, ఒక్క మాటండి."

"రా బాబూ, కూర్చో."

"కూర్చోడానికి చోటేదండీ, అంతా దారాలే కదా," అని నవ్వాడు. నవ్వుతూనే అసలు మాట చెప్పాడు. "కాపరానికని ఇల్లిచ్చానండి. ఇక్కడ చూస్తే కంపెనీ నడుస్తున్నట్టుంది. వచ్చే నెల నుంచి ఇప్పుడిచ్చేదానికి సగం పైన వేసి ఇవ్వాలండి. కుదరదంటే ఖాళీ చేసి ఇచ్చేయండి, నేనేం అనుకోను."

రేవు ఆవిడ ఊరుకుంటుందా? "మేం పీల్చే గాలికి కూడా మీటరు పెట్టేత్తారేంటండి బాబూ?" అంది.

అతను ఆవిడ వైపు తిరిగాడు. "నవ్వులాట కాదండి. మీరందరూ వచ్చి కూర్చోబట్టే కదా పిన్నిగార్ని నేనీ మాట అడగాల్సొచ్చింది."

అద్దె మాట నాతో అన్నాడు. ఈ మాట వాళ్ళతో అన్నాడు. ఆ క్షణం నేను అద్దె గురించే ఆలోచిస్తున్నాను, రెండో మాట ఎక్కడ తగిలిందో చూడలేదు. అతను వెళ్ళిపోయాక పంటు ఆవిడ దారం చుట్టేసి, "పంటు టైమైందండి వదినగారూ," అంది. ఇంకా చాలా టైముంది.

మీ అమ్మతో చదువుకున్న ఒకావిడ ఇక్కడే లాయరుగా ఉంది. మర్నాడు అగ్రిమెంటు సంచిలో పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. మీకు పనికొచ్చేది ఇదే కాబట్టి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"గడువు ఎప్పటిదాకా ఆంటీ?" అంటూ కాయితం మొత్తం చదివింది.

"ఉగాది దాకా అమ్మా."

"అయితే అప్పటిదాకా ఇందులో రాసుకున్న అద్దే. మధ్యలో పెంచుకోవచ్చని మీరెక్కడా ఒప్పుకోలేదు, కాబట్టి నోటిమాట మీద పెంచడం కుదరదు. గడువయ్యాక పెంచాలన్నా ముందుగా రాసి ఇవ్వాలి, మీతో మాట్లాడుకోవాలి. ఖాళీ చేయించడానికి కూడా ఒక పద్ధతుంది. అప్పటికప్పుడు పొమ్మంటే కాదు. మీరు వెళ్ళట్లేదని నీళ్ళు ఆపినా, కరెంటు తీసేసినా తప్పు ఆయనదే అవుతుంది."

"మరి కంపెనీ అంటున్నాడమ్మా."

"బోర్డు పెట్టారా? కొట్టు తెరిచారా? ఆడవాళ్ళు నలుగురు కూర్చుని చేతిపని చేసుకున్నంత మాత్రాన ఇల్లు కంపెనీ అయిపోదాంటీ. పోట్లాడకండి. అద్దె మాత్రం ఎప్పట్లాగే తారీఖు దాటకుండా బ్యాంకులో వేయండి. ఇవ్వలేదన్న మాట రాకూడదు."

మీరు కూడా ముందు మీ కాయితం తీసి చదవండి. సంతకం పెట్టేటప్పుడు చదివామంటారు గానీ ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

ఓనరుకి కబురు పెడితే వచ్చాడు. నాకు గట్టిగా మాట్లాడటం రాదని మీకు తెలుసు. మంచినీళ్ళిచ్చి, లాయరు చెప్పిన మాటలే మెల్లగా చెప్పాను.

"మనలో మనకి లాయర్లెందుకండి పిన్నిగారూ?" అన్నాడు నొచ్చుకుంటూ.

"మనలో మనకైతే ముందుగా ఒకసారి చెప్పేవాడివి కదా బాబూ. వచ్చే నెల నుంచే అన్నావు."

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "సరేలెండి. గడువయ్యాకే చూద్దాం," అని లేచాడు. అంతే. మోటారు ఆగలేదు, కరెంటు పోలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకోలేదు కూడా.

ఇల్లు నిలిచింది కదా అని ఆ మర్నాడు నీళ్ళు పోసి అరుగు కడిగాను. చాపలు పరిచి, దారపు ఉండలు సర్ది కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. ఫోను చేస్తే పంటు ఆవిడ మోకాళ్ళ నొప్పులంది. రేవు ఆవిడ మనవడికి జ్వరమంది. జ్వరం తగ్గిందా అని నేను రోజూ అడిగేదాన్ని, పిచ్చిదాన్ని.

చివరికి చేపల మార్కెట్టులో రేవు ఆవిణ్ణి పట్టుకున్నాను. మనవడు పక్కనే ఐసు ముక్క చీకుతూ గంతులేస్తున్నాడు.

"జ్వరం బానే ఉందే వీడికి," అన్నాను.

ఆవిడ నవ్వబోయి మానేసింది. "మేమంతా అనుకున్నామండి అక్కగారూ. మేం వత్తేనే కదా ఆయన కంపెనీ అనేది. మేం రాపోతే మీ అద్దె జోలికి రాడు."

"లాయరు కుదరదని చెప్పిందే. నేను అతనికి చెప్పేశాను కూడా."

"కాయితం మీ పక్కన ఉందండి. కానీ ఆయన మొహం మా వైపు తిప్పి అన్నాడు కదండీ ఆ మాట. మా వల్ల మీరు ఈ వయసులో సామాన్లు సర్దుకోకూడదండి."

వాళ్ళు అలా అనుకున్నారని తెలిశాక, ఫరవాలేదు రండి అని గట్టిగా చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సింది. నా కోసం మానుకున్నవాళ్ళని నా కోసమే రమ్మని ఎలా అడగను? మొహమాటం అడ్డొచ్చింది. వాళ్ళకి వాళ్ళ మొహమాటం. మా వైపు మనుషులం ఒకరి మనసు ఒకరం కాపాడుకుంటూనే దూరమైపోతాం.

ఉగాదికి ముందు ఓనరు పద్ధతిగా కాయితం రాసి ఇచ్చాడు, కొంచెం పెంచుతానని. పర్వాలేదనిపించే పెంపే. నేను బేరమాడలేదు. "ఒక్క వాక్యం అదనంగా రాయి బాబూ," అన్నాను.

"ఏంటండి అది?"

"అరుగు మీద నా స్నేహితులు కూర్చుని లేసు అల్లుకోవచ్చు అని."

అతను ఆశ్చర్యపోయాడు. "నేనెప్పుడు వద్దన్నానండి పిన్నిగారూ?" అన్నాడు. నిజమే, అతను వద్దని అనలేదు. రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆ కాయితం జిరాక్సు తీయించి పంటు ఎక్కాను. అన్నేళ్ళూ ఆవిడే గోదావరి దాటి వచ్చింది గానీ నేను ఒక్కసారీ ఆవిడ ఇల్లు చూడలేదు. పైకప్పు కిందకి వాలిన ఇల్లు. గుమ్మంలో కూర్చుని, సగం చీకట్లో అతుకు పని చేస్తోంది. నన్ను చూసి కంగారుగా లేచి కుర్చీ తుడిచింది. కాయితం చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుంది.

"ఎంత బాగా రాయించారండి వదినగారూ," అంది. కాఫీ ఇచ్చింది. "మోకాళ్ళు కాస్త సర్దుకోగానే వస్తానండి," అంది.

నన్ను సాగనంపడానికి రేవు దాకా నడిచే వచ్చింది, నాకంటే ముందు ముందు. పంటు కదిలాక కూడా ఒడ్డున నిలబడే ఉంది. మా మధ్య నీళ్ళు ఎక్కువై ఆవిడ చిన్నదైపోతుంటే, దిగి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది.

నేను గెలిచానని మీ అమ్మ అందరికీ చెబుతుంది. గెలిచాను కాబోలు. ఇంట్లోనే ఉన్నాను, అద్దె న్యాయంగానే పెరిగింది. కానీ అద్దె కట్టేది గోడలకి కాదనీ, ఎందుకు కడుతున్నానో నాకొక్కదానికే తెలుసనీ ఇప్పుడు అనిపిస్తుంది. మధ్యాహ్నం చాప వేసుకుని కూర్చుంటాను. వెలుతురు అలాగే వస్తుంది. నా ఒక్కదానికి అంత వెలుతురు అక్కర్లేదు.

నిన్న రేవు ఆవిడ ఖాళీ బుట్టతో ఈ వీధినే వెళ్తూ గేటు దగ్గర ఆగింది. అక్కగారూ బావున్నారా అంటే, రావే అన్నాను. కాయితం సంగతి ఆవిడకీ తెలుసు, అయినా మెట్టు దాకానే వచ్చింది. కోడలి సంగతి, కొత్త వల సంగతి, ఏజెంటు సతాయింపు, అన్నీ చెప్పింది. నేను అల్లుతున్న పువ్వు ఎత్తి చూసి ఏదో అనబోయి మెచ్చుకుంది. వెక్కిరించకుండా మెచ్చుకుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఒక్క క్షణం కూర్చోవే," అన్నాను.

చాప వైపు చూసింది. "కూకుంటే లేవబుద్ధి కాదండి అక్కగారూ," అని, మెట్టు మీంచి కాలు తీసేసింది.