మలక్కా ప్రయాణం, వెర్షన్ నాలుగు

ఆ రోజుల్లో మాకు టెస్టింగ్ చెయ్యకుండా మంచినీళ్ళు తాగే అలవాటు కూడా ఉండేది కాదు. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ మతి తప్పి పంతొమ్మిది వందల సంవత్సరంలోకి వెళ్ళిపోతాయని అందరూ హడలిపోతున్న కాలం అది. ఆ హడలు పుణ్యమా అని నాలాంటివాళ్ళకి సింగపూర్‌లో ఉద్యోగాలొచ్చాయి. తేదీలో రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడం, పెట్టాక టెస్ట్ చెయ్యడం, టెస్ట్ చేశామని కాగితం రాయడం, ఆ కాగితం సరిగ్గా రాశామో లేదో ఇంకొకడు టెస్ట్ చెయ్యడం, ఇదీ మా పని. ఈ మాత్రం దానికి టై కట్టుకుని వెళ్ళేవాళ్ళం. నేను గనక ఒక్క రోజు సెలవు పెడితే బ్యాంకులు మూతపడతాయని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి (ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నాను, ఏ బ్యాంకూ మూతపడలేదు. అయినా నమ్మకం పోలేదు).

బెడోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం: నేను, నెల్లూరు, పెద్దాయన. నెల్లూరంటే ఇక్కడ ఊరు కాదు, మనిషి. ఆ ఊరివాడు కాబట్టి అదే పేరైపోయింది. పెద్దాయనకి నిజానికి ముప్పై ఏడేళ్ళే గానీ, ఇరవై నాలుగేళ్ళ మా కళ్ళకి అది వృద్ధాప్యం కిందే లెక్క. శ్రీకాకుళం వైపు మనిషి. ఆయన చెయ్యి పడితే మొరాయించే ప్రోగ్రాము ఉండేది కాదు గానీ, కొత్త మనుషులతో ఇంగ్లీషులో మాట్లాడాలంటే మాత్రం ఆయనకి ముచ్చెమటలు పోసేవి. కింద తిండి కొట్ల దగ్గర ఏం కావాలో నోటితో చెప్పకుండా వేలితో చూపించి తెచ్చుకునేవాడు. రెండేళ్ళలో ఆయన ఒంటరిగా వెళ్ళిన దారి ఫ్లాట్ నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఫ్లాట్. అంతే.

ఇంకో నెలలో కాంట్రాక్టు ముగించుకుని ఆయన ఇంటికి వెళ్ళిపోతాడనగా, ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి, "మలక్కా ఇక్కడికెంత దూరం బాబూ?" అన్నాడు. దేనికని అడిగితే, మెల్లగా చెప్పుకొచ్చాడు. వాళ్ళ తాత కుర్రతనంలో ఓడెక్కి మలయా రబ్బరు తోటల్లో పనికి వెళ్ళాడట. తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్నది ఒక ట్రంకు పెట్టె, ఒక ఫోటో. మలక్కాలో ఎర్ర చర్చి ముందు, ఫౌంటెన్ పక్కన, గొడుగు వేసుకుని నిలబడ్డ ఫోటో. తాత పోయాక దాన్ని దేవుడి గూటి పక్కన తగిలించారు.

"పండక్కి తాతకి హారతిస్తే ఎనకాల సర్చీక్కూడా తగిలేది. ఎన్నేళ్ళుగానో మా ఇంట్లో ఆ సర్చీకి కూడా కర్పూరం ఎలిగిస్తన్నాం బాబూ," అని నవ్వాడు. నవ్వి, కంచంలో అన్నం కెలికాడు. మొన్నటి తుఫానుకి పెంకులెగిరిపోయి ఆ ఫోటో నాని ముద్దైపోయిందట. "అమ్మ నన్ను సీర తెమ్మన్లేదు, గొలుసు తెమ్మన్లేదు. తాత నిలబడ్డ సోట నిలబడి ఒక్క ఫోటో తీయించుకు రా నాయనా, గోడ బోసిగా ఉంది, అంది."

ఆ వయసులో నాకు తెలిసిన ఏకైక పద్ధతిలో నా ప్రేమ చాటుకున్నాను. "పెద్దాయనా, మీరు నిశ్చింతగా ఉండండి. దీన్ని నేను ప్రాజెక్టులా నడిపిస్తాను," అన్నాను.

నడిపించాను. ఆఫీసులో ప్రాజెక్టు ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని పధ్నాలుగు పేజీల ప్లాను తయారుచేశాను, అదీ ఇంగ్లీషులో, రంగుల గీతలతో సహా. లైబ్రరీకి వెళ్ళి చదివాను: ఒకప్పుడు పోర్చుగీసువాళ్ళ బిషప్పుగారి గద్దె ఉన్న ఊరట, సముద్రం ఒడ్డున, కొండ మీద కప్పు లేని పాత చర్చి, కింద డచ్చివాళ్ళు కట్టిన ఎర్ర చర్చి. అన్నీ ప్లానులోకి ఎక్కించాను. లైను నలభై ఒకటి: కొండ ఎక్కుట. లైను నలభై రెండు: ఆయాసం తీర్చుకొనుట, ఆరు నిమిషాలు. లైను యాభై ఏడు: పెద్దాయన ఫోటో, పదకొండు నలభై నుంచి పదకొండు యాభై అయిదు. చివర్లో రిస్కుల జాబితా, మొత్తం ముప్పై నాలుగు. వాన, కడుపునొప్పి, బస్సు టైరు, కెమెరా రీలు ఇరుక్కోవడం, ఫోటోలో పెద్దాయన కళ్ళు మూసుకోవడం (నివారణ: మూడు ఫోటోలు తీయవలెను). మలేషియా వీసా ఫారాలు కూడా ముగ్గురివీ నేనే నింపాను. సింగిల్ ఎంట్రీయా, మల్టిపులా అని అడిగిన చోట, వెళ్ళేది ఒక్కసారేగా అని ఠకీమని సింగిల్ మీద టిక్కు కొట్టాను. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మా కింద అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. తాతల నాడే ఇక్కడికొచ్చేసిన తెలుగువాళ్ళు, ఆవిడ పుట్టింది ఇక్కడే. నా ప్లాను చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, మలక్కా పోను ఇంత పేపరా! బస్సెక్కు, పో, చూడు, మకాన్ చెయ్యి, కడుపునిండా తిని రా. దట్సాల్ లా! తినడానికి కూడా నంబరు వేసినావే తంబీ?" నేను జాలిగా నవ్వాను. ప్రాజెక్టు అంటే ఏమిటో తెలియని మనిషితో ఏం వాదిస్తాం?

ప్రయాణం ఇంకో వారం ఉందనగా నెల్లూరుకి గొప్ప అనుమానమొచ్చింది. "అంతా బాగుండాది గానీ, మాక్ రన్ చెయ్యకుండా డైరెక్టుగా లైవ్‌కి పోతే ఎట్టబ్బా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. నిజమే, ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయాను? మన ఆఫీసులో తేదీ మార్చాలంటేనే మూడుసార్లు మాక్ రన్, అంటే ఉత్తుత్తి రిహార్సల్, చేస్తామే! పెద్దాయన మాత్రం బకెట్ ముందు కూర్చుని, "ఊరెల్డానికి కూడా టెస్టింగేటి బాబూ? మీరెల్రండి, నాకు బట్టలున్నాయి," అన్నాడు. ఆ ఆదివారం పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని నేనూ నెల్లూరూ బయల్దేరాం. బెడోక్ నుంచి రైల్లో వుడ్‌ల్యాండ్స్, అక్కణ్ణించి బస్సు, సముద్రం మీది వంతెన దాటి మలేషియా వైపు చెకింగు, పాస్‌పోర్టులో ఠప్పుమని ముద్ర. మలక్కా బస్సులు బయల్దేరే స్టాండు దాకా వెళ్ళి, స్తంభాన్ని చేత్తో తాకి, చెరో రొట్టె తిని, వెనక్కి తిరిగొచ్చేశాం. వాచీలో అంకెలు ప్లానులో దిద్దితే పన్నెండు నిమిషాలు ఆదా తేలింది. మొదటి పేజీ మీద అరచేతంత అక్షరాలతో 'మలక్కా, వెర్షన్ నాలుగు, ఫైనల్' అని, దాని కింద తయారుచేసినవారు అని నా పేరు కొట్టి ప్రింటు తీశాను.

అసలు ఆదివారం వచ్చింది. ఆంటీ పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చింది. పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, పెళ్ళిచూపులకి వెళ్ళేవాడిలా తయారయ్యాడు. తాత ఫోటోలోలాగే ఉండాలని నల్ల గొడుగొకటి సంపాదించి నెల్లూరు చేతికిచ్చాను. ఫైలు నా చంకలో. మలేషియా కౌంటర్ దగ్గరికి సరిగ్గా ప్లాను ప్రకారం, ఇంకా చెప్పాలంటే రెండు నిమిషాలు ముందే చేరాం. నాయకుణ్ణి కాబట్టి నేనే ముందు నిలబడ్డాను. తలకి గుడ్డ చుట్టుకున్న ఆఫీసరమ్మ నా పాస్‌పోర్టు అటు తిప్పి, ఇటు తిప్పి నా మొహం చూసింది.

"సింగిల్ ఎంట్రీ లా. లాస్ట్ సండే ఆల్రెడీ యూజ్."

మాక్ రన్‌లో ఠప్పుమని పడ్డ ఆ ముద్రతోనే మా వీసా కాస్తా ఖర్చైపోయిందన్నమాట. ఆవిడ ఇంకా తిప్పి చూస్తోంది. "లాస్ట్ సండే కమ్, ఒన్ అవర్, గో బ్యాక్. వై?"

"టెస్టింగ్, మేడమ్," అన్నాను, నోటికొచ్చిన నిజం.

"టెస్టింగ్ వాట్?"

"మలేషియా," అన్నాడు వెనకనుంచి నెల్లూరు, సాయం చేద్దామని.

మమ్మల్ని పక్కగదిలోకి తీసుకెళ్ళారు. మీసాలాయన ఒకడు టేబుల్ వెనక కూర్చుని ఉన్నాడు. దేశాన్ని టెస్ట్ చెయ్యడానికొచ్చిన మమ్మల్ని చూసి ఆయన ముఖం కందగడ్డలా అయింది. నేను ఫైలు ముందుంచాను. మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ చదివాడు. నలభై రెండో లైను దగ్గర ఆగి, పైకి చదివి, భుజాలు అదిరేలా నవ్వాడు. ఇంకో ఇద్దర్ని పిలిచి చదివి వినిపించాడు. ఆఫీసరమ్మ కూడా తలుపు దగ్గరికొచ్చి విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి రిస్కుల పేజీ మీద వేలు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, "థర్టీ ఫోర్ ప్రాబ్లమ్! బట్ వీసా, నో?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనొక్కణ్ణే నవ్వలేదు. ఆయన మంచివాడే, మా ఇద్దర్నీ వెనక్కి వెళ్ళిపొమ్మని, పెద్దాయన పాస్‌పోర్టు చూసి, "అంకుల్ కెన్ గో," అన్నాడు. బట్టలు ఉతుక్కున్నవాడి వీసా చెక్కుచెదరలేదు మరి.

పెద్దాయన ముఖం పాలిపోయింది. గురువారం ఆయన విమానం. ఇంకో వీసాకి టైము లేదు, ఇంకో ఆదివారం లేదు. "నానొక్కణ్ణే ఏటెల్తాను బాబూ? ఎవుర్నేటడుగుతాను?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తప్పంతా నాదే పెద్దాయనా," అన్నాను. ఒక మనిషి ఒకే ఒక్కటి అడిగితే, దాన్ని నా తెలివంతా ఉపయోగించి చెడగొట్టానే అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన కాసేపు ఆ కౌంటర్ అవతలికి, తర్వాత నా వైపు చూశాడు. "గోడ బోసిగా ఉందంది బాబూ," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత చెయ్యి చాచాడు. "ఆ కాయితాలు ఇలాగియ్యి."

కెమెరా, పులిహోర, పధ్నాలుగు పేజీలు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మలుపు తిరిగి కనబడకుండా పోయాక నెల్లూరు నెమ్మదిగా కుడిచెయ్యి పైకెత్తాడు. చేతిలో గొడుగు.

ఆ రోజు బెడోక్‌లో మా ఇద్దరి పరిస్థితి పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా ఉంది. ప్లాను నాకు కంఠతా వచ్చు కాబట్టి గడియారం చూసినప్పుడల్లా ఆయన ఎక్కడుండాలో తెలుసు, ఎక్కడున్నాడో తెలియదు. పదకొండు నలభైకి ఇద్దరం తెలియకుండానే లేచి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల వాన మొదలైంది. "రిస్కు నంబరు ఒకటి," అన్నాడు నెల్లూరు. వాణ్ణి గొడుగుతో కొట్టబోయాను. ఆంటీ పైకొచ్చి మాకింత అన్నం పెట్టి, "మా నాన్న టైము నుంచి మలక్కా పోతున్నాం, ఎవరూ టెస్ట్ చెయ్యలే," అని మళ్ళీ మళ్ళీ అంటూ కూర్చుంది.

సాయంత్రం ఏడు యాభైకి రావలసిన మనిషి ఏడింటికే తలుపు తట్టాడు. తడిసి, జుట్టు రేగి, చొక్కా నలిగి, నోరు చెవులదాకా సాగి ఉన్నాడు. రెండేళ్ళలో మాట్లాడని మాటలన్నీ ఆ పూట మాట్లాడాడు. బస్సులో పక్క సీటు ముసలమ్మకి పులిహోర పెట్టాడట, ఆవిడ తన అరటిపళ్ళు ఇచ్చిందట. రిక్షా అతను పాట పాడుతూ ఊరంతా తిప్పాడట. "మాటాడక్కర్లేదు బాబూ! పేజీ తెరిచి లైను మీద ఏలెట్టి సూపిస్తే సాలు, సదివి, నవ్వి, సెయ్యి పట్టుకుని తీసుకెల్లి ఒగ్గేస్తన్నారు!"

"మరి కొండెక్కారా?" అన్నాను.

"ఎక్కాను. నలభై రెండో లైనులో రాసినట్టే ఆయాసం కూడా తీర్సుకున్నాను."

మర్నాడు ఫోటోలు కడిగించాం. మొదటిదాంట్లో కళ్ళు మూసుకున్నాడు. రెండోదాంట్లో సగం రిక్షా అతని బొటనవేలు. మూడోది కుదిరింది. వెనక ఎర్ర చర్చి, పక్కన ఫౌంటెన్, సన్నగా వాన. గొడుగు లేదుగా, అందుకని తాత గొడుగు పట్టుకున్న చోట మనవడు నా పధ్నాలుగు పేజీల ప్లాను నెత్తి మీద పట్టుకుని, నవ్వుతూ నిలబడ్డాడు. ఊరెళ్ళాక ఉత్తరం రాశాడు. అమ్మ ఆ ఫోటోని పాత మేకుకే తగిలించిందట. బతికున్నవాడి పటానికి దండ వెయ్యకూడదని, కొడుకుని తప్పించి, చర్చి ఉన్న వైపు ఒక్క చామంతి పువ్వు గుచ్చిందట.

ఇప్పుడు నేను సింగపూర్‌లోనే, బిషాన్‌లో ఉంటున్నాను. నిజంగానే మేనేజర్నయ్యాను, ఆఫీసు పనికి బోలెడు ప్లాన్లు గీయించాను. మలక్కా మాత్రం ఇంతవరకూ చూడలేదు. "డాడీ, సో నియర్ లా, జస్ట్ గో!" అంటుంది మా అమ్మాయి. వెళ్దాం, వెళ్దాం అంటూనే ఉంటాను. ఆ ఫోటోకి పెద్దాయన ఇచ్చిన కాపీ ఫ్రేములో నా బల్ల మీద ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆయన నెత్తి మీద మొదటి పేజీ, దాని మీద వానకి కాస్త చెదిరిన నా పేరు కనిపిస్తాయి. ఎంత తెలివితక్కువవాడివిరా అనుకుంటాను ఆ పేరున్న కుర్రాణ్ణి చూసి. అనుకుని, నవ్వుకుని, అద్దం తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను. ఒక్క మనిషి ఒక్క ఫోటో కోసం కూర్చుని పధ్నాలుగు పేజీలు రాసే ఓపిక వాడికుండేది. నాకిప్పుడు లేదు.