తలకు నూనె పెట్టుకొచ్చిన మార్త

2012లో, కార్డిఫ్‌లో నేను పనిచేస్తున్న ఆసుపత్రి నన్ను వారానికి రెండు రోజులు ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాలకు పంపింది. అప్పటికి నేను న్యూరోఫిజియాలజీ విభాగంలో బ్యాండ్ సెవెన్‌లో ఉన్నాను. అంటే కొత్తవాళ్లకు పని నేర్పే హోదా. డాక్టర్లకు ఎదురుచెప్పే హోదా మాత్రం కాదు. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను తెరమీదికి తెచ్చే ఈఈజీ నా పని. రిటైరయ్యాక కూడా ఎవరి తల చూసినా కొలత టేపు ఎక్కడ పెట్టాలా అని నా వేళ్లు వెతుకుతూనే ఉంటాయి. ఆ పని మీద నాకు బెంగ ఇంకా తీరలేదు.

పరిశోధన విషయం చిరాకు. కోపిష్ఠివాళ్లకూ నెమ్మదస్తులకూ చిరాకు కలిగినప్పుడు మెదడు ఒకేలా స్పందిస్తుందా అన్నది ప్రశ్న. వచ్చినవాళ్లు ముందు తమ స్వభావం గురించిన ప్రశ్నలకు జవాబులు రాస్తారు. తర్వాత కంప్యూటర్‌లో ఒక ఆట ఆడతారు. మొదట సజావుగా సాగే ఆట, కొంతసేపయ్యాక సరైన బటన్ నొక్కినా తప్పంటుంది. కావాలనే అలా అమర్చారు. ఆ సంగతి చివరిదాకా మేం బయటపెట్టకూడదు. పెడితే ఆ రికార్డింగ్ బుట్టదాఖలే.

మా తెలుగు చర్చిలో పరిచయమైన మార్త కూడా ఒకరోజు వాలంటీరుగా వచ్చింది. గుంటూరులో స్టాఫ్ నర్సు, ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో వాళ్ల ఆలనాపాలనా చూసే కేరర్. నర్సుగా నమోదు కావాలంటే ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పింది. మూడోది పై వారమే.

జుట్టుకు ఏమీ రాసుకోకుండా తలస్నానం చేసి రావాలని ముందే చెప్పాం. మార్త తలస్నానం చేసింది, ఆరబెట్టుకుంది, ఆపైన కొబ్బరినూనె దట్టంగా పట్టించి జడ వేసుకొచ్చింది. “నూనె కూడా పెట్టుకోకుండా బయటికెట్టా వస్తానాంటీ? దిక్కులేనిదాన్లా ఉండదూ?” అంది.

నూనె ఉన్నచోట ఎలక్ట్రోడ్ నిలవదు, గీతలన్నీ గజిబిజి అవుతాయి. సింకు దగ్గర కూర్చోబెట్టి షాంపూతో నేనే తల రుద్దాను. ఆ కొబ్బరినూనె వాసనకు నా మనసు ఎటో పోయింది. బాపట్లలో హాస్టల్ వరండాలో వరసగా కూర్చుని ఒకరి జడ ఒకరం అల్లుకున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రాల్లో ఒక్కటైనా తిరిగొస్తే చాలుననిపించింది.

“మా వార్డులో అందరూ సిస్టర్, సిస్టర్ అని పిలిచేవాళ్లాంటీ. ఆ పిలుపు కోసం చెవి కోసుకుంటున్నా. ఈసారీ పోతే ఇంక రాయను. నా బుర్ర ఇంతే అనుకుంటా,” అంది తల వంచుకునే.

స్వభావం ప్రశ్నలకు ఆమె రాసిన ప్రతి జవాబూ ఒకటే, తనకు కోపం రాదని. యంత్రం అబద్ధాలు మొదలుపెట్టే దశలో కొందరు విద్యార్థులు బల్ల గుద్దేవారు. ఒకతను నన్నే తిట్టాడు. మార్త కుర్చీ సర్దుకుని, యంత్రానికి “సారీ” చెప్పింది. అది మళ్లీ తప్పంది. ఈమె మళ్లీ సారీ అంది. ముఖంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. తెరమీద నుదుటి వైపు ఎలక్ట్రోడ్ల గీతలు మాత్రం తప్పు కనిపించిన ప్రతిసారీ గట్టిగా కుంగుతున్నాయి. బల్ల గుద్దినవాళ్ల గీతలకు అవేమీ తీసిపోలేదు. ఒక్క రికార్డింగ్‌తో ఏ నిర్ణయానికీ రాకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. నిబంధన దాటలేదు గానీ, ఈ దెబ్బతో పరీక్ష మానేస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆట ముగిశాక, నిబంధన ప్రకారం అసలు విషయం చెప్పాను. ఆమె చాలావరకు సరిగ్గానే నొక్కిందనీ, యంత్రమే అబద్ధమాడిందనీ వివరించాను.

“అంటే నేను కరెక్టేనా?”

కరెక్టేనన్నాను.

“మరి ఇందాకట్నుంచి నాచేత సారీలు చెప్పిస్తారేందాంటీ! ఇదేం పద్ధతి? మనిషిని కూర్చోబెట్టి ఎర్రిదాన్ని చేస్తారా?” అంటూ తలనిండా వైర్లతో లేచి నిలబడింది. నాలుగు ఊడిపోయాయి. పక్కగదిలోంచి ప్రొఫెసర్ తొంగిచూసి, నెమ్మదస్తుల్లో చేర్చింది ఈవిడనేనా అని అడిగారు.

ఆ మూడో పరీక్ష కూడా రాసింది. అదీ పోయింది. ఫోన్ చేసి, “బ్రహ్మాండంగా రాశానాంటీ! ఆ దిద్దినోళ్లకి కళ్లు కనపళ్లా? మళ్లీ ఫీజు కట్టా. వదిలేదే లా!” అని కేకలేసింది. వార్త చెడ్డదే, అయినా ఆ కేకలు నాకెంతో హాయిగా వినిపించాయి. తర్వాత మార్త వాళ్ల కుటుంబం మాంచెస్టర్ వెళ్లిపోయింది, నంబర్లు మారాయి. ఇప్పటికీ నా చెకప్‌లకు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, నూనె పెట్టిన జడతో నర్సు ఎవరైనా ఎదురైతే బ్యాడ్జీ మీద పేరు చూస్తాను. ఇంతవరకు ఆ పేరు కనిపించలేదు.

ఆ ఉదంతం నేర్పింది చిన్న విషయమే. నెమ్మది అని మనం రాసుకునేది చాలాసార్లు స్వభావం కాదు, అలవాటు. తప్పు తనదేననుకున్నంతసేపూ ఎంతటి మనిషైనా నెమ్మదిగానే ఉంటారు. ఆ తర్వాత, తమకు కోపం రాదని రాసినవాళ్లను ఆట ముగిశాక నేనొకటి అడిగేదాన్ని, తప్పు తమది కాదని ముందే తెలిసుంటే ఏం చేసేవారని. చాలామంది జవాబులు మార్చుకోవడానికి పెన్ను మళ్లీ ఇవ్వమనేవారు.