గన్నేరు నీళ్ళు

మా కోడలు ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి కుండీలో పాతిన ఎర్రగన్నేరు ఈ ఏడు విరగబూసింది. అరుగుమీద కూర్చున్నంతసేపూ ఆ సన్నని తీపి వాసన తగులుతూనే ఉంటుంది. "కుక్క నోటికి అందనిచోట పెట్టవే" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇక చెప్పే ఓపిక లేక నేనే లేచి కుండీని జరుపుతుంటాను.

నా ఎనిమిదో ఏట మాది పెనుగొండలో కొట్టూ ఇల్లూ కలిసిన లోగిలి. ముందు బెల్లం, కందులు, ఎండుమిరప ఘాటు. వెనక దొడ్లో బామ్మ పెంచిన గన్నేరు, నందివర్ధనం, మందారం. తాతగారు పోయాక బామ్మతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఆవిడ కబుర్లన్నీ ఎలకల బాధకు పెంచిన తెల్లపిల్లితోనే.

దేవుడికి పెట్టి తీసిన పూలు కాలికి తగలకూడదని రోజూ కాలవలో కలిపేవాళ్ళం. వేసవిలో కాలవ కట్టేస్తే, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఆ పూలన్నీ నూతి పక్కన నేలలోకి పాతిన రాతితొట్టి నీళ్ళలో నానుతుండేవి. "గన్నేరు ఆకైనా పువ్వైనా విషమేనే. అది నానిన నీళ్ళు తాగితే నోరులేని జీవాలు బతకవు" అని చెప్పి, తొట్టిమీద తడిక మూసే పని బామ్మ నాకు అప్పగించింది.

అవి ఆవకాయ రోజులు. వసారా నిండా మామిడి ముక్కలు, ఆవపిండి, దంచిన కారం, తుమ్ములు, పెద్దవాళ్ళ కేకలు. ఆ సందట్లో వామనగుంటల ధ్యాసలో పడి రెండు రోజులు తొట్టి ఊసే మరిచాను. మూడోనాడు పిల్లి చొంగ కార్చుకుంటూ, వాంతులు చేసుకుని, మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

"తడిక మూశావుటే?" అంది బామ్మ.

"మూశాను."

ఆవిడ నమ్మింది. పక్కింటివాళ్ళు ఎలకలకు పెట్టిన పాషాణం తిన్నదనుకుని వాళ్ళతో మాటలు మానేసింది. అప్పుడప్పుడే గంతులు నేర్చిన దాని కూనను ఒళ్ళో వేసుకుని ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది. ఇప్పుడు వెళ్ళి తడిక మూస్తే నా అబద్ధం బయటపడుతుందని నేను నూతివైపే వెళ్ళలేదు.

నాలుగు రోజులకు ఆ కూన తొట్టి అంచున వంగి నీళ్ళు నాకుతూ నా కంటపడింది. "బామ్మా! నేను మూయలేదే!" అని అరుస్తూ పరుగెత్తాను. సాయంత్రానికి అదీ పోయింది.

బామ్మ నా తల నిమిరి, "పోనీలేవే, పసిదానివి. నేనే ఓసారి వెళ్ళి చూసుకోవలసింది" అంది. మర్నాడు పక్కింటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చి, గన్నేరు మొదలంటా కొట్టించేసింది. మళ్ళీ పిల్లిని పెంచలేదు.

ఆ కొట్టు ఎవరిదో అయిపోయింది, దొడ్డిలో ఇళ్ళు లేచాయి, తొట్టి ఏమైందో తెలియదు. బామ్మ పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆనాడు ఆవిడ తిట్టి ఉంటే, వీపుమీద రెండు వేసి ఉంటే, ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.