మూడు మూటల మన్ను

ఎండాకాలం కాలువకు నీళ్ళు కట్టేసిన మర్నాడు, అడుగున మిగిలిన బురదను మనుషులు గంపలతో ఎత్తి గట్టున పోస్తుంటే, చేపల నీచూ నాచూ కలిసిన చల్లటి వాసన మా అరుగు దాకా వస్తుంది. పిల్లలు ముక్కులు మూసుకుని లోపలికి పరిగెడతారు. నేను మాత్రం అక్కడే కూర్చుంటాను. కాలువలు ఇంకా రాని రోజుల్లో, గోదావరి పాయ నడుమ మా లంకలో, నాయనమ్మ పక్కన గడిచిన నా చిన్నతనం ఆ వాసనలోనే ఉంది.

మాకు ఏడాదంటే వరద రావడం, వరద తియ్యడం. శ్రావణంలో ఎర్రనీళ్ళు పెరటి అరటిమొదళ్ళ దాకా వచ్చి, వెళ్ళేటప్పుడు వెన్నలాంటి ఒండ్రు పరిచి పోయేవి. దాని మీద కాకిబంగారం తళతళలాడుతుంటే మేం పాదాలు దిగేసి పిచ్చుకగూళ్ళు కట్టుకునేవాళ్ళం. వినాయకచవితి బొమ్మకొక మన్ను, పొయ్యికొక మన్ను, గోడ మెత్తడానికింకొక మన్ను అంటూ నాయనమ్మ లంకంతా తిరిగి ఏరి తెచ్చేది; వంటింట్లో కుడుములు ఉడుకుతుంటే పెరట్లో నాచేత ఆ మన్ను పిసికించేది. తడిపినా ఉండ కట్టకుండా రాలిపోతే ఇసక. ఉండ కట్టి, తాడులా పేనబోతే తెగిపోయేది కలగలుపు నేల. సన్నగా సాగి, ఉంగరంలా చుట్టినా పగుళ్ళివ్వనిది బంకమన్ను. కళ్ళు మూయించి, నా చెవి దగ్గర చిటికెడు మన్ను నలిపేది. ఇసక పాలు ఏ కాస్త ఉన్నా గరగరమని వినపడేది.

నాన్న చెల్లెలు చిన్నత్తకు రాజోలు దిగువన, సముద్రం వైపు ఊరి నుంచి సంబంధం వచ్చింది. ఆ అబ్బాయిని ఆమె వాడపల్లి తీర్థంలో చూసిందని, అతనూ ఆమెను చూశాడని, నాకు జడ వేస్తూ నాకొక్కదానికే చెప్పింది. అబ్బాయి మేనమామ వచ్చి పొలాల గురించి గొప్పగా చెబుతుంటే నాయనమ్మ తలుపు చాటు నుంచి, "అన్నయ్యగారూ, ఈసారొచ్చినప్పుడు మీ పొలం మన్ను గుప్పెడు తెండి" అంది. పిల్లనిచ్చే ఇంటి నేల చూడకుండా ఆవిడ మాటివ్వదు.

పది రోజులకు ఆయన మూట తెచ్చాడు. నాయనమ్మ విప్పి, వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, మూట మళ్ళీ కట్టేసింది.

"రెండ్రోజులు పడవలో వచ్చేరు గదండీ. ఇదింకా తడారలేదు. ఈ మెరుపూ, ఈ మెత్తదనమూ మా రేవులో ఒండ్రువండి."

ఆయన ముఖం మాడిపోయింది. మజ్జిగ కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం చిన్నత్త జడ మధ్యలో ఆపేసింది; నా సగం జడ విడిపోయింది. వారం రోజులు ఆమె అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది.

ఎనిమిదో రోజున ఆ అబ్బాయే ఒంటరిగా పడవ దిగాడు. పెళ్ళికొడుకు అలా రావడం మా వైపు ఎవరూ ఎరగరు. తువ్వాలులోంచి మూడు మూటలు తీసి అరుగు మీద పెట్టాడు.

"మావయ్య చేసింది తప్పండి. మాకున్న పొలం మూడు చెక్కలు. మూడిట్లోంచీ తెచ్చేనండి."

నాయనమ్మ నన్ను పిలిచి పిసకమంది. మొదటిది నల్లగా సాగి ఉంగరంలా చుట్టుకుంది. రెండోది ఉండైంది గానీ పేనితే తెగింది. మూడోది విప్పగానే తెల్లటి పూత కనిపించింది. నాలిక మీద పెట్టుకుని నేను మొహం చిట్లించాను.

"చౌడు," అంది నాయనమ్మ. "ఇదెంత బాబూ?"

"సగానికి పైనేనండి."

"మరి దాన్నేం చేస్తావు?"

"ఉప్పు పోయేలా గట్లేసి వాన్నీళ్ళు నిలగట్టి వదిలేస్తన్నానండి. మూడేళ్ళకి గడ్డి మొలిచింది. వరెప్పటికి మొలుస్తాదో చెప్పలేనండి."

నాయనమ్మ చాలాసేపు అతని చేతుల వైపు చూసింది. తర్వాత, మా ఇంట్లో ఎన్నడూ జరగని విధంగా, లోపలికి తిరిగి, "అమ్మాయీ, ఇలా రా. అక్కడ ఉండాల్సింది నువ్వు," అంది.

చిన్నత్త తలొంచుకుని వచ్చింది. మొదటి రెండు మూటల వంక చూడనైనా చూడలేదు. చౌడుమన్ను చిటికెడు తీసి నోట్లో వేసుకుంది.

"ఉప్పే," అంది మెల్లగా. "మరీ అంత కాదులే."

నాయనమ్మ పెద్దగా నవ్వింది. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. మాఘమాసంలో పెళ్ళి చేశాం.

ఇప్పుడు సంబంధాలు మాట్లాడేవాళ్ళు పొలం ఎంతని అడుగుతారు, ఎలాంటిదని అడగరు. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళైంది. ఆవిడంత గర్వపడ్డ మా లంక, ఇల్లూ అరటితోటా సహా, వరదకింత చొప్పున కోసుకుపోయి ఏట్లో కలిసింది. మేం కాలువగట్టు ఊరికి చేరాం. చౌడు చెక్కలో మాత్రం, కాలువ నీళ్ళు పారాక, ఏడాదికి రెండు కార్లు వరి పండుతోంది.

కిందటేడు చిన్నత్తను చూడబోయినప్పుడు లంక గుర్తొచ్చి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చిన్నత్త పళ్ళు లేని నోటితో నవ్వి, "ఎక్కడికి పోద్దే? మీ లంక మన్నంతా కొట్టుకొచ్చి మా చేలకే చేరుతోంది," అని, విస్తట్లో ఇంకో గరిటెడు కొత్తబియ్యపన్నం వడ్డించింది.