వేళ్ళతో చదివిన తీర్పు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నేను చిత్తూరులో కోర్టుల సిస్టమ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలు ఉంది. ఈ ఉద్యోగం సంగతి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. జడ్జిగారి ముందున్న కంప్యూటరు మొదలు నకళ్ళ సెక్షన్‌లో ప్రింటరు దాకా ఏది మొరాయించినా మాకు ఫోన్ వస్తుంది. వెంటనే బస్సెక్కాలి. హోదా గుమాస్తాలకు కొంచెం పైన, కోర్టు ఆఫీసుకు పెద్ద అయిన శిరస్తదారుకు చాలా కింద. కానీ యంత్రం ఆగిపోయిన రోజు మాత్రం ఆ శిరస్తదారే లేచి మనకు కుర్చీ వేస్తాడు.

పలమనేరు వైపు ఒక చిన్న ఊళ్ళో సివిల్ కోర్టు ఉంది. ఊరి పేరు రాయను. అక్కడ స్టెనో హసీనా గారు. జడ్జి చెబుతుంటే తీర్పు టైపు చేసేది ఆమే. ఇంగ్లీషు, తెలుగు రెండు టైపింగుల్లోనూ హయ్యర్ పాసైన మనిషి. పాత ఇనుప మిషన్ల మీద, కీ మీద అక్షరం చూడకుండా కొట్టడం నేర్చుకున్నవారు. వయసులో నాకంటే ఏడాది చిన్న, మాటలో పదేళ్ళు పెద్ద. ఆ బుధవారం ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"నా లాప్‌టాప్‌కు పురుగు పట్టిందప్పా రమణా. ఫోల్డరు తెరిస్తే దాంట్లోంచి ఇంకో ఫోల్డరు పుడతా ఉండాది. రేపు నేను మా అక్క మనవరాలి పెండ్లికి వాణియంబాడికి పోతా ఉండాను. పాస్‌వర్డు శిరస్తదారుకు రాసిచ్చి పోతా. నువ్వొచ్చి సూడు."

ఎవరో వకీలు గుమాస్తా పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ అది. గురువారం వెళ్ళి చూస్తే మందులతో నయమయ్యే దశ దాటిపోయింది. డిస్కు మొత్తం తుడిచి, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్ళీ ఎక్కించడం ఒక్కటే దారి. మామూలుగా అందరూ చేసే ఫార్మాట్ వేరు, తుడవడం వేరు. మొదటిది పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిది, పేజీలు అలాగే ఉంటాయి. రెండో పద్ధతిలో ఆ మూల నుంచి ఈ మూల దాకా సున్నాలు రాసుకుంటూ పోతాం. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా పాతది తిరిగి రాదు. నేనెప్పుడూ రెండోదే చేసేవాణ్ణి. చేస్తే శుభ్రంగా చెయ్యాలని నాకొక పిచ్చి.

క్రమం తప్పకుండానే చేశాను. ముందు ఆమె ఫైళ్ళన్నీ విడిగా ఒక డిస్కులోకి తీశాను, వేరే యంత్రంలో వాటిని శుద్ధి చేశాను, తర్వాత తుడిచాను. పెన్‌డ్రైవ్ నుంచి కొత్త సిస్టమ్ ఎక్కించి, ప్రింటరు కలిపి, ఫైళ్ళు ఎక్కడివక్కడ పెట్టాను. పరీక్షకు ఒక పాత ఇంగ్లీషు ఆర్డరు తెరిచి అచ్చు తీశాను. చక్కగా వచ్చింది. తెలుగు ఫైళ్ళు తెరవలేదు. ఆ జడ్జిగారు తీర్పులు తెలుగులోనే రాయిస్తారు, వాటిలో ఇంకా ప్రకటించనివి ఉంటాయి. ప్రకటించేదాకా తీర్పులో ఏముందో జడ్జికి, స్టెనోకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు. దిద్దిన చిత్తుప్రతులు కూడా అప్పటికప్పుడే చింపేస్తారు. సర్వీసంతా ఆ మర్యాద తప్పలేదు. హసీనా గారు వచ్చాక ఒకసారి కూర్చోబెట్టి చూపించి పోదామన్న ఆలోచన మాత్రం రాలేదు. నాలుగున్నరకు చిత్తూరు బస్సు ఉంది, ఎక్కేశాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదింబావుకు ఫోన్ మోగింది. ఆమె గొంతులో కోపం లేదు. దానికే నాకు భయం వేసింది.

"నా తెలుగంతా ఏం జేసినావప్పా?"

పదిన్నరకల్లా అక్కడ ఉన్నాను. తీర్పు ఫైలు తెరిచి చూపించారు. తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చూడగానే జరిగింది అర్థమైంది. ఆమె వాడేది ఎప్పుడో తిరుపతిలో ఒక డీటీపీ అతను సీడీలో ఇచ్చిన పాతకాలపు ఫాంటు. దాంట్లో కంప్యూటరుకు తెలిసేది ఇంగ్లీషు కీ మాత్రమే. దానికి తెలుగు ముఖం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు ఆమె ఫైళ్ళలో ఉండదు, సిస్టమ్ ఫోల్డరులో ఉంటుంది. నేను ఫైళ్ళు కాపాడి, ఫాంటు తుడిచేశాను.

మామూలు రోజైతే వారం గడువు అడిగి ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఆ రోజుకు గడువు లేదు. జడ్జిగారికి కోస్తా వైపు బదిలీ అయింది. ఆ సాయంత్రమే రిలీవ్ కావాలి. తీర్పు కాగితం మీదికెక్కి ఆయన సంతకంతో ఆ రోజు కోర్టులో ప్రకటించకపోతే, కొత్త జడ్జి వచ్చి వాదనలు మొదటి నుంచి వినాలి. మళ్ళీ ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తీర్పు పూర్తిగా రాతలో లేకుండా ప్రకటించడానికీ వీల్లేదు.

ఆ కేసు మునెమ్మది. అరవై దాటిన మనిషి, భర్త లేడు, రెండెకరాల మామిడితోట ఉంది. తోటకు పోయే బండిదారిని పక్క పొలం ఆసామి కంచె వేసి మూసేశాడు. దావా వేసి ఎనిమిదేళ్ళయింది. ఆమె ఆ పొద్దున ఎనిమిదింటికే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

నేను ఫాంటు కోసం ఫోన్లు మొదలుపెట్టాను. ఆ సీడీ ఎప్పుడో పోయింది, తిరుపతి డీటీపీ అతను దుకాణం ఎత్తేసి ఎటో వెళ్ళిపోయాడు. చిత్తూరు కోర్టు టైపిస్టు తన ఫాంటు పంపించాడు. పెట్టి చూస్తే తెలుగు అక్షరాలే వచ్చాయి, తెలుగు మాత్రం రాలేదు. రెండిట్లోనూ అక్షరాల స్థానాలు వేరు. పదకొండున్నర అయింది. ఇన్నేళ్ళ సర్వీసు, చివరికి ఒక ముసలామె తోటదారి నా చేతుల్లో పోయేట్టుందే అనిపించి సిగ్గుతో చచ్చిపోయాను.

హసీనా గారు అప్పటిదాకా పక్కనే కూర్చుని ఆ పిచ్చిగీతల వంక చూస్తున్నారు. ఆమె వేళ్ళు బల్ల అంచు మీద ఊరికే కదులుతున్నాయి. ఉన్నట్టుండి, "వాది పొలమునకు తూర్పున," అన్నారు.

నేను వాక్యం గుర్తొచ్చి అంటున్నారేమో అనుకున్నాను.

"గుర్తుతో సెప్పలేదప్పా. నెలకు ఎన్ని తీర్పులు కొడతాను, అన్నీ యాడ గుర్తుంటాయి? ఈడ సూడు, ఇంగ్లీషు అక్షరం ఉండాదా? అది ఏ వేలి కిందికొస్తాదో నాకు తెలుసు. ఆ వేలు కదిలిస్తే దాని తెలుగు దానంతట అదే వస్తాది. కండ్లతో సదవమంటే రాదు. వేళ్ళతో అయితే సదువుతా."

ఇంకో రెండు పంక్తులు చదివి చూపించారు. నమ్మక తప్పలేదు. ఆ తెరను తెలుగుగా చదవగల మనిషి జిల్లాలో ఆమె ఒక్కరే.

విషయం జడ్జిగారికి చెప్పాం. ఆయన బెంచీ దిగి ఛాంబర్లోకి వచ్చారు. బెంచీ మీద ఇంకా కేసులున్నాయి, అంతా మళ్ళీ చెప్పి రాయించే తీరిక ఆయనకు లేదు. ఒక్క నిమిషం ఆలోచించి, చట్టం తీర్పు రాతలో ఉండాలంది కానీ టైపులోనే ఉండాలని ఎక్కడా అనలేదు కదా, చేత్తో రాయండి అన్నారు. ఎవరు రాయాలి? ఆమె వేళ్ళు చదవడంలో ఉంటాయి. కంప్యూటరు మనిషినైన నాకు తెలుగు టైపు రాదు. మిగతా గుమాస్తాలు బెంచీ పనిలో ఉన్నారు. హసీనా గారు తెల్లకాగితాల కట్ట నా ముందుకు తోశారు.

"తుడిసినోడే రాయల్ల," అన్నారు.

సాయంత్రం దాకా నోరు లేదనుకోమని జడ్జిగారు నన్ను హెచ్చరించి మళ్ళీ బెంచీ మీదికి వెళ్ళారు. ఛాంబరు తలుపు మూసి మొదలుపెట్టాం. పద్నాలుగు టైపు పేజీలు. ఆమె తెర చూస్తూ, వేళ్ళతో బల్ల కొడుతూ చదువుతారు, నేను రాస్తాను. ఎన్నేళ్ళయిందో అంత తెలుగు చేత్తో రాసి. పది నిమిషాలకొకసారి ఆమె నా కాగితంలోకి తొంగి చూసి, కోడి గీరినట్టు ఉండాదని, వాదికీ ప్రతివాదికీ తేడా తెలిసేటట్టు రాయమని ఎత్తిపొడిచేవారు. ఆమెతో అలా తిట్లు తింటుంటే భయం తగ్గింది. ఆమె కావాలనే తిట్టారని నా నమ్మకం.

రెండింటప్పుడు చెయ్యి తిమ్మిరెక్కితే బయటికి వచ్చి నీళ్ళు తాగాను. మునెమ్మ లేచి నిలబడింది.

"సామీ, కంప్యూటరు సెడిపోయిందంట గదా. నా కేసు ఈ పొద్దు సెప్తారా, మళ్ళా వాయిదానా? ఎనిమిదేండ్లుగా కాయలు గంపల్లో నెత్తిన మోసి రోడ్డుకేస్తా ఉండాను. ఇంక నా మెడ మొయ్యలేదు."

సెప్తారమ్మా, కూసో, అన్నాను. ఏం చెబుతారో నాకూ తెలియదు. అప్పటికి సాక్ష్యాల దగ్గరే ఉన్నాం. లోపలికి వచ్చి హసీనా గారి ముఖం చూశాను. ఫలితం ఆమెకు తెలుసు, టైపు చేసింది ఆమే. రాతిబొమ్మలా తర్వాతి పంక్తి అందుకున్నారు.

మూడున్నరకు చివరి పేజీకి వచ్చాం. ప్రతివాది ముప్పై రోజుల్లో కంచె తొలగించి, బండి తిరిగే వెడల్పున దారి వదలాలి, ఇక మీదట అడ్డు పెట్టకూడదు. ఆమె అక్కడ ఆపారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నా కళ్ళు కూడా బాగా లేవు.

జడ్జిగారు అంతా చదివి రెండు చోట్ల కలంతో దిద్దారు. రెండూ నా రాతలో తప్పులే, ఆమె చదవడంలో ఒక్కటీ లేదు. ప్రతి పేజీకి సంతకం పెట్టి, నాలుగింటికి తీర్పు ప్రకటించారు. నకలు తీసుకున్న రోజు మునెమ్మకు అనుమానం వచ్చిందట, టైపు కొట్టని కాయితం సెల్లుతాదా అని. జడ్జి సంతకం సెల్లుతాది పోమ్మా, అని హసీనా గారు కసిరి పంపించారట.

మరుసటి శనివారం నేను మళ్ళీ వెళ్ళాను. ఆమె ఒక్కొక్క కీ పేరు చెబుతూ దాని తెలుగు చెప్పారు, నేను పట్టిక రాసుకున్నాను. ఆ పట్టికతో చిన్న ప్రోగ్రాం రాసి ఆమె పాత ఫైళ్ళన్నీ ఏ కంప్యూటరులోనైనా కనిపించే కొత్త పద్ధతి తెలుగులోకి మార్చాను. రెండు వారాలు పట్టింది.

డిస్కు తుడిచిన ప్రతిసారీ మేము ఒక ఫారం నింపాలి. అందులో 'సమాచారం భద్రం' అన్న గడి ఎదుట సంతకం నాదే ఉండేది. ఆ గురువారం కూడా పెట్టాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ గడిలో నేను సంతకం పెట్టలేదు. యంత్రం వాడే మనిషి వచ్చి, తన పాత ఫైలు ఒకటి తానే తెరిచి, నాలుగు వాక్యాలు పైకి చదివి, ఆ సంతకం తానే పెట్టాలి. ఆ మనిషి సెలవులో ఉంటే వచ్చేదాకా ఆగేవాణ్ణి. దీనివల్ల పని ఆలస్యమవుతోందని పై ఆఫీసు నుంచి రెండుసార్లు సంజాయిషీ అడిగారు. అవును, ఆలస్యమవుతుంది అని రెండుసార్లూ జవాబు రాసి పంపాను.