బావగారు కలపని పిన్ను

మా ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే ఒకతనికి పదిహేనేళ్ల అనుభవమూ, అక్కడే డిజైన్ ఇంజనీరుగా వెలుగుతున్న ఒక బావగారూ ఉండేవారు. రెండోదే అతని కొంప ముంచింది.

కొత్త బోర్డులో క్లాక్ బఫర్ అనే చిప్పుంది. ఒకచోట పుట్టిన టిక్కుటిక్కును మిగతా చిప్పులకు పంచడం దాని ఉద్యోగం. ఎనేబుల్ పిన్నును గ్రౌండుకి కలిపితే పంచుతుంది, వోల్టేజీకి కలిపితే మానేస్తుంది. బావగారు దేనికీ కలపలేదు.

"బావా, ఆ పిన్ను గాల్లో ఉంది. గ్రౌండుకి ఒక్క రెసిస్టరు వెయ్యి. లేకపోతే దానిష్టమొచ్చినప్పుడు ఆగిపోతుంది."

"నీ బల్ల మీద పనిచేస్తోందా లేదా?"

"నా టెస్ట్ క్లిప్పు దాన్ని గ్రౌండుకి లాగుతోంది కాబట్టి చేస్తోంది. క్లిప్పు తీస్తే..."

"తియ్యకు మరి! తమ్ముడు నాకు పాఠాలు చెబుతున్నాడని మీ అక్కకి చెప్పనా?"

అతను బోర్డు పాసైందన్న కాగితం మీద సంతకం పెట్టాడు. క్లిప్పులు బోర్డులతో పాటు వెళ్లవు కదా, నెల తిరక్కుండా మూడొందల బోర్డులు వెనక్కొచ్చాయి. విచారణ సంఘం మహా గంభీరంగా కూర్చుని, సంతకం ఎవరిదో కనిపెట్టి, అతన్ని ఇంటికి పంపింది. రెసిస్టరు ఆలోచన తనదేనని చెప్పిన బావగారికి ప్రశంసాపత్రం ఇచ్చింది.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "నీ మీద కేసు పెట్టకుండా మీ బావ ఎంతమందిని బతిమాలారో తెలుసురా? ఒకసారి వచ్చి థాంక్స్ చెప్పు."

అతను వెళ్లి చెప్పొచ్చాడు.