నస్రీన్ పాసవ్వాలనుకున్న పరీక్ష

పల్నాడు కొత్త జిల్లా అయిన ఏడాది నన్ను చెవి, ముక్కు, గొంతు విభాగం సివిల్ సర్జన్‌గా నరసరావుపేటకు బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. ఓపీ, ఆపరేషన్లతో పాటు వారంలో ఒకరోజు సదరం క్యాంపు డ్యూటీ ఉండేది. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి తేల్చే శిబిరమది. శాతం నలభైకి చేరితేనే పింఛనైనా, చదువులో సాయమైనా.

చెవుడు ఎంతో తేల్చేది ఆడియోమెట్రీ. మనిషిని గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెడతాం. కిటికీ అవతల నుంచి ఆడియాలజిస్టు చిన్నవీ పెద్దవీ శబ్దాలు పంపిస్తాడు. వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఇందులో యంత్రం ఎంత ముఖ్యమో, నొక్కే మనిషి నిజాయితీ అంత ముఖ్యం. వినపడినా నొక్కకుండా కూర్చునేవాళ్లను కనిపెట్టడం మా పనిలో పెద్ద భాగం.

ఒక జూలైలో దాచేపల్లి నుంచి ఖాజా అనే లారీ మెకానిక్ తన కూతురు నస్రీన్‌ను తీసుకొచ్చాడు. ఆమెకు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది.

"చిన్నప్పుడు జొరమొచ్చి చెవులు దెబ్బతిన్నయి డాక్టరమ్మా. పెదాలు చూసి మాట పట్టుద్ది. మా బజార్లో చానామందికి తెలవనే తెలవదు. అక్కడేమో పెద్ద హాలంట, బోర్డు వైపు తిరిగి చెప్తారంట. సర్టిఫికెట్ తెస్తే చెవి మిషను ఇస్తాం, పరీక్షకి టైమెక్కువిస్తాం అన్నారు. ఆఖరు తేదీ దగ్గరపడింది," అన్నాడు.

పరీక్ష అయ్యాక మా ఆడియాలజిస్టు శ్రీనివాస్ గ్రాఫు తెచ్చి, నలభై శాతం రావడం లేదని చెప్పాడు. ఖాజా ముఖం వాడిపోయింది. "అంటే ఇయ్యరా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

నస్రీన్ తండ్రి వైపే చూస్తోంది. నేను ఆమె వెనక్కి వెళ్లి, మామూలు కంటే గట్టిగానే పేరు పెట్టి పిలిచాను. కదల్లేదు. ఆ గ్రాఫే నిజమైతే, అంత దగ్గర నుంచి ఆ గొంతు వినపడి తీరాలి. ఏదో తేడా ఉంది.

మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టి, ఈసారి నేను శ్రీనివాస్ పక్కన నిలబడ్డాను. అమ్మాయి కళ్లు కిటికీ మీదే ఉన్నాయి. శబ్దం పంపేటప్పుడల్లా అతని భుజం కాస్త కదులుతోంది, వెంటనే ఆమె బటన్ నొక్కుతోంది. శబ్దం పంపకుండా ఊరికే చెయ్యి కదిలించమని అతనికి చెప్పాను. నొక్కింది. ఇంకోసారి కదిలించాడు. మళ్లీ నొక్కింది.

కుర్చీని గోడ వైపు తిప్పించాం. శబ్దం పెంచుకుంటూ పోయాం. బటన్ మీద వేలు అలాగే ఉంది. మామూలుగా వినపడే మనిషి ఉలిక్కిపడేంత శబ్దానికి గానీ ఆ వేలు కదల్లేదు.

ఎదురుగా కూర్చుని, మాస్కు తీసి, వినపడకుండానే ఎందుకు నొక్కావని అడిగాను. తప్పు చేసినట్టు తలదించుకుంది.

"పరీక్ష కదా మేడం. పాసవ్వాలనుకున్నా."

పాతికేళ్లకు పైగా వినపడదని నిరూపించుకోడానికి వచ్చినవాళ్లనే చూశాను. వినపడుతుందని నిరూపించుకోబోయిన మనిషిని చూడటం అదే మొదటిసారి. స్కూల్లో, కాలేజీలో, బస్సులో ఎదుటివాళ్ల ముఖాలు చూసి నెట్టుకొచ్చిన పిల్ల మా గదిలోనూ అదే చేసింది.

అయితే రెండు పరీక్షలు రెండు రకాలుగా వచ్చినప్పుడు నా మాట మీద శాతం రాయడానికి వీల్లేదు. బెరా పరీక్ష కావాలి. తలకు వైర్లు అతికించి, శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో యంత్రమే నమోదు చేసుకునే పరీక్ష అది. పడుకున్న మనిషి చేయాల్సిందేమీ ఉండదు. గుంటూరు పెద్దాసుపత్రికి రాసి పంపాను. యూనివర్సిటీ గడువు ఆగదు కాబట్టి ఆ ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ కూడా చేశాను. ఆ వారమే రిపోర్టు వచ్చింది, గోడ వైపు తిప్పి చేసిన పరీక్షతో సరిపోయింది. శాతం నలభై బాగా దాటింది. క్యాంపు మెడికల్ బోర్డులోని డాక్టర్లందరం సంతకాలు పెట్టాం.

ఖాజా కాగితం చూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. "బిడ్డకి చెవుడెక్కువని తేలితే సంతోషపడాల్సొచ్చిందేందమ్మా!" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. నస్రీన్ నా పెదాల వైపు చూస్తూ, "ఫెయిలయ్యానా మేడం?" అంది. బ్రహ్మాండంగా ఫెయిలయ్యావన్నాను. అప్పుడు చూశాను ఆ పిల్ల నవ్వు.

దసరా సెలవుల్లో ఇద్దరూ మళ్లీ వచ్చారు. లెక్చరర్ కాలరుకు చిన్న మైకు పెట్టుకుంటున్నారట. ఆయన బోర్డు వైపు తిరిగినా మాట నేరుగా ఆమె చెవి మిషన్‌లోకి వస్తోందట. మొదటి ఇంటర్నల్ పరీక్షలు బాగా రాశానని చెప్పింది.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు, హెడ్‌ఫోన్లు పెట్టే ముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడిగించాను: ఈ పరీక్ష దేనికని మీరనుకుంటున్నారు? మోసం చేసేవాళ్ల కోసం పెట్టుకున్న జాగ్రత్తలు, దాచుకోవడం అలవాటైనవాళ్లను పట్టుకోలేవు. గ్రాఫు చదవడానికి ముందు, మనిషి ఏమనుకుని బటన్ నొక్కాడో తెలుసుకోవాలి.